ఇరవై ఒక్క అక్షరాలు: పిట్స్‌బర్గ్ నుంచి ప్యూర్టో రికో దాకా

తెనాలి వచ్చి నాలుగు రోజులైంది. ఒంటికి ఇంకా అమెరికా టైమే నడుస్తోంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మా ఆవిడ లేవకుండా చప్పుడు చేయకుండా టీ పెట్టుకుని కూర్చుని రాస్తున్నాను.

అమెరికా వెళ్లొచ్చినవాళ్లందరూ నయాగరా గురించి రాస్తారు. నేనూ చూశాను. బాగుంది, నీళ్లు చాలా ఉన్నాయి. కానీ తిరిగొచ్చే ముందు ఎనిమిది రోజులు మేం తిరిగింది మాత్రం 1972లో చనిపోయిన ఒక బేస్‌బాల్ ఆటగాడి వెంట. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియనివాణ్ని. తప్పంతా మా మనవడిది. పదేళ్లవాడు. పేరు నిఖిల్, అక్కడి స్నేహితులకి నిక్. పిల్లల టీములో వాడు రైట్ ఫీల్డ్‌లో నిలబడతాడు. పిల్లల ఆటలో అది బంతి పెద్దగా రాని మూల, ఆట సరిగ్గా రానివాణ్ని పెట్టే చోటు. వాడి గది గోడ మీద ఒకే ఒక్క ఫోటో. రోబెర్టో క్లెమెంటే. "ఈయన కూడా రైట్ ఫీల్డే తాతయ్యా" అన్నాడు, నేను అడగకుండానే.

అక్టోబర్ 11, పసుపు వంతెన

పిట్స్‌బర్గ్‌లో రెండు నదులు కలిసి మూడోది పుడుతుంది. అలెగెనీ, మొనాంగహీలా కలిస్తే ఒహాయో. నదులు కలిసే చోటు కనిపించగానే మా ఆవిడ చేతులు జోడించింది. పేరు ఏదైతే ఏం, సంగమం సంగమమే అంది. పక్కన సైకిల్ ఆపుకుని నీళ్లు తాగుతున్న అమ్మాయి ఆవిడ వైపు చూసి, తనూ ఒకసారి నది వైపు తల వంచింది. ఎందుకో తెలిసి వంచిందో, మర్యాదకి వంచిందో.

అలెగెనీ మీద వరసగా ఒకే పోలికతో మూడు పసుపు వంతెనలు ఉన్నాయి. వాటిలో ఒకటి రోబెర్టో క్లెమెంటే వంతెన. మ్యాచ్ ఉన్న రోజు దాని మీద కార్లు ఆపేసి నడిచేవాళ్లకి వదిలేస్తారట. మేం వెళ్లేసరికి సీజను అయిపోయింది, కార్లే ఉన్నాయి. వంతెన దిగితే పైరేట్స్ జట్టు స్టేడియం, పీఎన్‌సీ పార్క్. బయట క్లెమెంటే కంచు విగ్రహం. బంతి కొట్టేసి, బ్యాటు వదిలేస్తూ, పరుగందుకోబోతున్న మనిషి. మన ఊళ్లలో విగ్రహాలు చెయ్యి చాపి ఎటో చూపిస్తుంటాయి. ఈయనకి మాత్రం ఎక్కడికో వెళ్లే తొందర ఉన్నట్టుంది.

ఊచల్లోంచి మైదానం కనిపిస్తుంది. రైట్ ఫీల్డ్ గోడ ఎత్తు 21 అడుగులు. ఆయన చొక్కా నంబరు 21. అందుకే అంత ఎత్తు కట్టారు. ఆ నంబరు ఆయన తర్వాత పైరేట్స్‌లో ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఊరి నడిబొడ్డు నుంచి నది అవతలికి రైలు ఉచితం. అది తెలియక వెళ్లేటప్పుడు నలుగురం క్యాబ్‌కి 14 డాలర్లు పోశాం. వచ్చేటప్పుడు రైలెక్కి ఆ బాధ తీర్చుకున్నాం. దారిలో ఒక పాత కార్డుల కొట్టు. అక్కడి పిల్లలు ఆటగాళ్ల బొమ్మల కార్డులు పోగేస్తారు. మా రోజుల్లో అగ్గిపెట్టె లేబుళ్లు పోగేసినట్టే. అసలు కార్డులు వందల్లో, వేలల్లో ఉన్నాయి. నిఖిల్ నాలుగు డాలర్లు పెట్టి ఒక నకలు కొనుక్కున్నాడు. దాని మీద "బాబ్ క్లెమెంటే" అని అచ్చయి ఉంది.

"పేరు తప్పు కదా?" అన్నాను.

అప్పట్లో అలాగే వేసేవాళ్లని కొట్టతను చెప్పాడు. 1957 నుంచి 1969 దాకా ఆ కార్డు వేసిన కంపెనీ కార్డుల మీద ఆయన బాబే. రోబెర్టో అనడం అమెరికన్లకి కష్టమని పత్రికలు, రేడియోవాళ్లు కుదించేశారు. ఆయన మాత్రం నా పేరు రోబెర్టో అని అడిగిన ప్రతివాడికీ చెప్పేవాడట. కాఫీ కొట్లలో నా గ్లాసు మీద "వెంక్" అని రాస్తుంటే ఆర్నెల్లుగా ఊరుకున్నవాణ్ని. ఆ మాటకి నాకు కొంచెం సిగ్గేసింది.

అక్టోబర్ 12, ఫైర్ స్టేషన్, తర్వాత గుడి

లారెన్స్‌విల్ అనే పేటలో పాత ఫైర్ స్టేషన్ ఒకటి ఉంది. దాన్ని క్లెమెంటే మ్యూజియం చేశారు. ముందుగా చెప్పి వెళ్లాలి, మనిషి వెంట ఉండి చూపిస్తాడు. కింద సెల్లార్‌లో వైన్ పీపాలు. మ్యూజియంలో వైన్ ఏమిటంటే, దీన్ని పెట్టిన ఫోటోగ్రాఫర్‌గారికి వైన్ తయారుచేయడం ఇంకో వ్యసనమట. మా అల్లుడి మొహం అప్పటిదాకా లేనంతగా వెలిగింది.

చూపించినతను ముందు అంకెలతో మొదలుపెట్టాడు. 1955 నుంచి 1972 దాకా 18 సీజన్లు, అన్నీ పైరేట్స్‌కే. వరల్డ్ సిరీస్ అంటే ఏటా చివర్లో ఛాంపియన్ ఎవరో తేల్చే మ్యాచ్‌ల వరస. అవి రెండు, 1960లో ఒకటి, 1971లో ఒకటి. ఆ రెంటిలో కలిపి ఆయన ఆడిన 14 మ్యాచ్‌లలో ప్రతిదాంట్లోనూ కనీసం ఒక హిట్, అంటే బంతి కొట్టి ఔటవకుండా బేస్ చేరడం. లీగులో అందరికన్నా మంచి బ్యాటింగ్ సగటు నాలుగుసార్లు. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లోవ్ వరసగా 12 ఏళ్లు. మొత్తం మీద సగటు 0.317. నాకు అర్థం కాలేదంటే విడమరిచి చెప్పాడు. వెయ్యిసార్లు బ్యాటు పడితే 317 సార్లు హిట్. అంటే పదిసార్లలో దాదాపు ఏడుసార్లు ఔటైనా మహానుభావుడు అనిపించుకోవచ్చు. మా గవాస్కర్‌ని ఇంత దయగా ఎవరూ చూడలేదు.

ఆయన వాడిన రకం బ్యాటు ఒకటి చేతికిచ్చాడు. దాదాపు కిలో బరువు. మన క్రికెట్ బ్యాటు కన్నా తక్కువే గానీ, దుడ్డుకర్రలా సన్నగా ఉండి బరువంతా చివర ఉంటుంది. నిఖిల్ భుజం మీద పెట్టుకుని ఫోటో దిగాడు. దించేటప్పుడు నా కాలి మీద దించాడు.

21 నంబరు కథ అక్కడే విన్నాం. ఆయన పూర్తి పేరు రోబెర్టో క్లెమెంటే వాకర్. ఇంగ్లిషు అక్షరాల్లో లెక్కపెడితే సరిగ్గా 21. నిఖిల్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. వేళ్లు చాలక నావి అప్పు తీసుకున్నాడు.

ఆ తర్వాత చెప్పింది మాత్రం నాకు ఇంకా గుర్తొస్తూనే ఉంది. సీజను మొదలయ్యే ముందు జట్టు ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో సాధన చేసేది. క్లెమెంటే నల్లవాడు. అక్కడ నల్లవాళ్లకి వేరే నివాసం, వేరే తిండి. ప్రయాణంలో తెల్లవాళ్లు హోటల్లోకి వెళ్లి తింటుంటే నల్ల ఆటగాళ్లు బస్సులో కూర్చుని, ఎవరైనా పొట్లం తెచ్చిస్తారేమోనని చూడాలి. అలా తెచ్చింది తినకూడదని క్లెమెంటే పట్టుబట్టాడు. బస్సులో పడిగాపులు పడకుండా మాకు వేరే బండి ఇవ్వండని యాజమాన్యాన్ని అడిగి సాధించుకున్నాడు.

"అదేంటి తాతయ్యా, ఒకే టీమ్ కదా?" అన్నాడు నిఖిల్.

మా చిన్నప్పుడు మా ఊరి టీ కొట్టులో చూరుకి విడిగా వేలాడదీసిన గ్లాసులు గుర్తొచ్చాయి. అవి ఎవరికోసమో నాకు తెలుసు. వాటి గురించి నేను ఎవరినీ ఏమీ అడగలేదు. మనవడికి "అప్పట్లో అలా ఉండేది" అని ఊరుకున్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో!

ఆరోజు దసరా. సాయంత్రం పెన్ హిల్స్‌లో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. 1970లలో కట్టింది, అమెరికాలోని పాత గుళ్లలో ఒకటి. తెల్లటి గోపురం చుట్టూ ఎర్రగా పండిన మేపుల్ ఆకులు, ఇంత అందం తిరుమలలో కూడా లేదని మా ఆవిడ చెవిలో అంది. దేవుడు వినకూడదని కాబోలు. క్యాంటీన్లో పులిహోర బాగుంది, ఇంగువ తెలిసింది. దోశ ఆరిపోయింది.

మా బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన గుంటూరు మెడికల్ కాలేజీ. 1971లో వచ్చారట. "మా ఆస్పత్రిలో అప్పుడు ముగ్గురు డాక్టర్ రావులం అండీ. పొడుగు రావు, పొట్టి రావు, నేను ఇంకో రావు." క్లెమెంటే మాట ఎత్తగానే చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి చెప్పారు. 1973 జనవరి ఒకటిన పొద్దున డ్యూటీకి వెళ్తే, వార్డులో హ్యాపీ న్యూ ఇయర్ చెప్పినవాళ్లే లేరట. నేల తుడిచే ముసలాయన బకెట్ పక్కన పెట్టుకుని కూర్చుని ఏడుస్తున్నాడు. "ఎవరు పోయారో అడగడానికి కూడా భయమేసింది. వాళ్లింట్లో మనిషనుకున్నా."

అక్టోబర్ 13, ఓక్లాండ్ గోడ

ఇది మా ప్రయాణంలో అన్నిటికన్నా వింతైన మధ్యాహ్నం.

1960 అక్టోబర్ 13న పైరేట్స్, న్యూయార్క్ యాంకీస్ మధ్య వరల్డ్ సిరీస్ చివరి మ్యాచ్ జరిగింది పిట్స్‌బర్గ్‌లోనే ఓక్లాండ్ అనే పేటలో, ఫోర్బ్స్ ఫీల్డ్‌లో. ఆ స్టేడియం ఇప్పుడు లేదు. ఆ స్థలంలో యూనివర్సిటీ భవనాలు కట్టేశారు. మిగిలింది ఇటుక గోడ ఒక ముక్క, మీద అల్లుకున్న తీగ. ఏటా అదే తారీఖున జనం ఆ గోడ దగ్గర చేరి, ఆనాటి రేడియో కామెంటరీ మొదటి నుంచి చివరిదాకా మళ్లీ వింటారు. అంతే. ఇంకేం జరగదు.

ఫోల్డింగ్ కుర్చీలు, దుప్పట్లు, వేరుశనగకాయలు. చలి. మాకు కుర్చీలు లేవని చూసి ఒక పెద్దావిడ తన డిక్కీలోంచి రెండు తీసిచ్చి, "యిన్జ్ కూర్చోండి" అంది. యిన్జ్ అంటే పిట్స్‌బర్గ్ యాసలో "మీరంతా". ఇంగ్లిషులో ఏకవచనం, బహువచనం ఒకటే అయిపోయాయని వీళ్లు సొంతంగా ఒకటి చేసుకున్నారు. నాకు ఆ ఊరి మీద గౌరవం పెరిగింది. మా ఆవిడ ఇంటి నుంచి తెచ్చిన చెగోడీలు ఆవిడకి ఇచ్చింది. ఆవిడ చాక్లెట్ బిస్కెట్లు ఇచ్చింది. తొమ్మిది ఇన్నింగ్స్‌లలో రెండోది అయ్యేసరికి చెగోడీల డబ్బా మా వరస దాటి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

నాకు 1983 గుర్తొచ్చింది. లార్డ్స్ ఫైనల్‌నాడు మా బజారులో టీ కొట్టు ట్రాన్సిస్టర్ చుట్టూ ఇలాగే మూగి ఉన్నాం. తేడా ఒక్కటే. మాకు ఏం జరుగుతుందో తెలీదు, వీళ్లకి ప్రతి బంతీ తెలుసు. అయినా పైరేట్స్ వెనకబడినప్పుడు నిజంగా "అయ్యో" అన్నారు. 64 ఏళ్ల కిందటి అయ్యో.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో క్లెమెంటే కొట్టింది గొప్ప దెబ్బేమీ కాదు. బంతి నేల మీద ఎగిరి, కొట్టినవాడు ముందు చేరాల్సిన ఫస్ట్ బేస్ వైపు పోయింది. అక్కడ బేస్ కాయాల్సిన పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, కదలడం ఆలస్యమైంది. ఈయన ప్రాణం పెట్టి పరిగెత్తాడు. ఔటవకుండా బతికాడు, ఇంకొకడు ఇంటికి, అంటే బయల్దేరిన చోటికి చేరి ఒక పరుగు తెచ్చాడు, స్కోరు 7–6, యాంకీస్ ఇంకా ఒకటి ముందు. తర్వాతి బ్యాటర్ హాల్ స్మిత్ హోమ్ రన్ కొట్టి, అంటే బంతిని గోడ దాటించి, తనతో కలిపి ముగ్గుర్ని ఇంటికి చేర్చాడు. క్లెమెంటే అలా పరిగెత్తకపోతే స్మిత్‌కి ఆ అవకాశమే లేదు. క్రికెట్లో ఇలాంటిదాన్ని మిస్‌ఫీల్డ్ మీద తీసిన దొంగ సింగిల్ అంటాం. పేపర్లో దాని మాట ఉండదు.

తొమ్మిదిలో యాంకీస్ సమం చేశారు. సరిగ్గా 3 గంటల 36 నిమిషాలకి, అప్పుడెలా జరిగిందో అలాగే, బిల్ మాజెరోస్కీ కొట్టిన బంతి గోడ దాటింది. 10–9. మా చుట్టూ ముసలాళ్లు లేచి టోపీలు విసిరారు. కుర్చీలిచ్చినావిడ మా ఆవిణ్ని కౌగిలించుకుంది.

ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడి ఓట్లలో పత్రికలవాళ్లు క్లెమెంటేని ఎనిమిదో స్థానంలో పెట్టారు. ఆయన అది మర్చిపోలేదు. ఆ బహుమతి 1966లో వచ్చింది.

అక్టోబర్ 15, సాన్ హువాన్

క్లెమెంటే పుట్టిన దీవి ప్యూర్టో రికో, దాని రాజధాని సాన్ హువాన్. ఆ దీవి అమెరికాదే. వేరే వీసా అక్కర్లేదు. అక్కడివాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులు, కానీ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటు వేయలేరు. మేం వెళ్లేసరికి గోడల నిండా గవర్నర్ ఎన్నికల పోస్టర్లు. ఉక్కపోత, కొబ్బరిచెట్లు, పోస్టర్లు, హారన్లు. మా ఆవిడ కారు దిగి "హమ్మయ్య" అంది.

హోటల్లో కౌంటర్ దగ్గర అమ్మాయి నా పాస్‌పోర్టు తిప్పి చూసి, వీటిలో నాన్నగారి పేరేది, అమ్మగారి పేరేది అని అడిగింది. మాకు అలా ఉండదు, ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత అన్నాను. మాకు రెండు ఇంటిపేర్లు, నాన్నది ముందు, అమ్మది తర్వాత అంది. అంటే క్లెమెంటే నాన్నగారి వైపు, వాకర్ అమ్మగారి వైపు. నిఖిల్ ఎగిరి గంతేశాడు. కూపర్స్‌టౌన్‌లో గొప్ప ఆటగాళ్ల పేర్లు చెక్కే హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. 1973లో అక్కడ ఆయన ఫలకం మీద "రోబెర్టో వాకర్ క్లెమెంటే" అని వేశారట. అమెరికన్ లెక్కలో చివరిదే ఇంటిపేరు కావాలి కదా. 2000లో గానీ సరిచేయలేదు. నా వీసా మీద, బ్యాంకు కార్డు మీద, మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన పాత వీసా మీద, నేను మూడు వేర్వేరు మనుషులని. ఆ 27 ఏళ్ల ఆలస్యం నాకు వింతగా అనిపించలేదు.

రాత్రి సాంతుర్సేలో భోజనం. క్లెమెంటే పద్దెనిమిదేళ్లకి ఆడడం మొదలుపెట్టిన జట్టు ఈ పేటదే. వారానికి 40 డాలర్లు. జట్టు పేరుకి అర్థం పీతలు పట్టేవాళ్లు. మోఫోంగో తెప్పించాం. పచ్చి అరటికాయ ముక్కలు వేయించి, వెల్లుల్లితో చెక్క రోట్లో దంచి ముద్ద చేస్తారు. నాది రొయ్యలతో 19 డాలర్లు, ఇద్దరికి సరిపోయేంత. పక్కన ఇచ్చిన అన్నంలో గింజలు చూసి మా ఆవిడ "కందులండీ!" అని అరిచింది. నిజంగానే కందులు, పొట్టుతో. అక్కడ పండగ అన్నం కందులతోనే.

తింటుండగా మా బల్ల పక్క నుంచి బయటికి వెళ్తున్న ముక్కూ మొహం తెలియని మనిషి ఆగి "బ్వేన్ ప్రొవేచో" అన్నాడు. హాయిగా తినండి అని. అందరూ అందరికీ అలా చెప్తారు. రెండో రోజుకి మేమూ మొదలుపెట్టాం.

ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది. ఎవరూ కంగారు పడలేదు. మేమూ పడలేదు. మనవడొక్కడే పడ్డాడు.

అక్టోబర్ 16, తప్పుదారి

పొద్దున పాత ఊళ్లో నీలం రాళ్ల వీధులు, సముద్రం మీద కోట. ఆ ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి.

మధ్యాహ్నం కరోలినా బయల్దేరాం, క్లెమెంటే పుట్టిన ఊరు. అల్లుడు ఫోన్లో "రోబెర్టో క్లెమెంటే" అని కొట్టాడు. నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో నలిగి చేరితే అది కరోలినా కాదు, సాన్ హువాన్‌లోనే ఆతో రే అనే పేటలో ఆయన పేరున్న ఇండోర్ స్టేడియం. ఆ దీవిలో ఆయన పేరు లేని రోడ్డుగానీ బడిగానీ ఉందో లేదో, ఫోన్‌ది తప్పనలేం. కాపలా ఉన్నతను మా గొడవ విని నవ్వి, పక్కనున్న పాత స్టేడియం చూపించాడు. అది ఇరామ్ బిథోర్న్ స్టేడియం. తప్పుదారి కాస్తా తీసుకెళ్లాల్సిన చోటికే తీసుకెళ్లింది.

1972 డిసెంబర్ 23న నికరాగ్వా రాజధాని మనాగ్వాలో భూకంపం వచ్చింది. కొన్ని వారాల ముందే క్లెమెంటే అక్కడ ప్యూర్టో రికో కుర్రాళ్ల జట్టుని ఆడించి వచ్చాడు. ఆ ఊరు, ఆ మనుషులు తెలుసు. క్రిస్మస్ రోజుల్లో ఈ స్టేడియం దగ్గరే నిలబడి బట్టలు, మందులు, తిండి పోగుచేశాడు. పంపిన సరుకు అక్కడి నియంత సొమోసా మనుషులు కాజేస్తున్నారని కబురొచ్చింది. అయితే నేనే వెళ్తాను, నేనుంటే ముట్టుకోరు అన్నాడు.

1977 దివిసీమ ఉప్పెనప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి తిరిగారు. మేం పాత బట్టలు మూటలు కట్టి లారీ ఎక్కించాం. ఆ లారీ ఎక్కడ దిగిందో, మూటలు ఎవరికి అందాయో నేను ఎప్పుడూ కనుక్కోలేదు. ఎక్కించాక ఇంటికొచ్చి భోంచేశాను.

ఆ స్టేడియం ఎదురుగా ఎండలో నిలబడి మా అల్లుడికి ఈ సంగతి చెప్పాను. అతను "సరే మామయ్యా, నీడలోకి రండి" అన్నాడు.

అక్టోబర్ 17, పిన్యోనెస్

సాన్ హువాన్ విమానాశ్రయం దాటి తూర్పుకి వెళ్తే సముద్రం ఒడ్డున పిన్యోనెస్. రోడ్డు వెంట పాకలు, కట్టెల పొయ్యిలు, కాగే నూనె. అల్కపూరియా అని అమ్ముతారు. పచ్చి అరటికాయ, చేమదుంప లాంటి దుంప రుబ్బి, మధ్యలో పీత కూర పెట్టి బజ్జీలా వేయిస్తారు. ఒకటి మూడు డాలర్లు. మొదటిది నాలుక కాలి రుచి తెలీలేదు. మూడోది తెలిసింది. కొబ్బరిబొండం అయిదు డాలర్లు, అంటే మన డబ్బులో నాలుగు వందల పైన. కత్తి వాటం మాత్రం మన కోనసీమదే, మూడు దెబ్బలు, నాలుగోది లేదు.

పాకలోకి వెళ్తూ "బ్వేనాస్" అనాలి. అనకపోతే పలకరు. నేను అనకుండా రెండు నిమిషాలు నిలబడ్డాను. మా ఆవిడ అంది, వెంటనే పలికారు.

1972 డిసెంబర్ 31 రాత్రి తొమ్మిదిన్నర కావస్తుండగా క్లెమెంటే ఎక్కిన విమానం ఇక్కడి నీళ్లలో పడిపోయింది. పాత డీసీ-7. అదే నెల మొదట్లో దెబ్బతిని మరమ్మతు చేసిన విమానం. మోయగలిగిన దానికన్నా దాదాపు రెండు టన్నులు ఎక్కువ బరువు వేశారు. అయిదుగురున్నారు. ఆయన శరీరం దొరకనే లేదు. వయసు 38. మూడు నెలల ముందు, సెప్టెంబర్ 30న, లెక్కకి సరిగ్గా 3,000వ హిట్ కొట్టాడు.

జట్టులో ఆయనకి బాగా దగ్గరివాడు, పనామా కుర్రాడు మానీ సాంగియెన్. సంతాప ప్రార్థనకి జట్టంతా వచ్చి చర్చిలో కూర్చుంటే అతను మాత్రం రాలేదు. ఇక్కడ గజ ఈతగాళ్లతో కలిసి నీళ్లలో మునిగి వెతుకుతూనే ఉన్నాడు.

మేం కూర్చున్నంతసేపూ తలల మీదుగా విమానాలు పోతూనే ఉన్నాయి. మొదట్లో ప్రతిదానికీ నిఖిల్ తలెత్తి, సముద్రం దాటేదాకా చూశాడు. తర్వాత మానేశాడు.

అక్టోబర్ 18, కరోలినా

ఈసారి దారి తప్పలేదు. ఆయన చిన్నప్పుడు ఇదంతా చెరుకు. తండ్రి మెల్చోర్ చెరుకు తోటలో మేస్త్రీ, తల్లి లూయిసా. ఏడుగురు పిల్లల్లో చివరివాడు. జామకొమ్మ బ్యాటు, గుడ్డపేలికల బంతి. మావి కొబ్బరిమట్ట బ్యాటు, సైకిల్ ట్యూబు బంతి. ఇప్పుడు చెరుకు లేదు. పెద్ద రోడ్లు, షాపింగ్ మాల్. ఆయన జీవితం చెక్కిన రాతి గోడ లాంటి స్మారకం చూశాం. ఆయన కలగన్న పిల్లల క్రీడానగరం బయటి నుంచి చూశాం. గేటు మూసి ఉంది, లోపల గడ్డి మనిషెత్తు పెరిగింది.

ఊరి మధ్య చౌకులో నలుగురు పెద్దవాళ్లు డొమినో ఆడుతున్నారు. మన రచ్చబండ మీద చతుర్ముఖ పారాయణం ఎలాగో అలాగే. బల్ల మీద పలక కొట్టే చప్పుడు కూడా అదే. మేం "బ్వేనాస్" అనగానే చోటిచ్చారు. నిఖిల్ బళ్లో నేర్చిన స్పానిష్‌తో దుబాసీ అయ్యాడు. సగం వాడే కల్పించి ఉంటాడు.

1971 వరల్డ్ సిరీస్ గెలిచినరోజు మీలో ఎవరైనా చూశారా అని అడిగించాను. అందరూ చూశారు. ఆ సిరీస్‌లో ఆయన సగటు 0.414, అత్యుత్తమ ఆటగాడు ఆయనే. కానీ వాళ్లు చెప్పింది ఆట గురించి కాదు. మ్యాచ్ అయ్యాక టీవీవాళ్లు మైకు పెడితే, ఇంగ్లిషులో మొదలుపెట్టకుండా ముందు స్పానిష్‌లో మాట్లాడాడు. నా జీవితంలో పెద్ద రోజిది, నా పిల్లలకి నా దీవెన, మా అమ్మానాన్నలు నన్ను దీవించాలి అని. అమెరికా అంతా చూస్తుండగా. ఇక్కడ పెద్దవాళ్లు కనిపిస్తే, ఫోనెత్తితే ముందు "బెందిసియోన్" అంటారు. దీవించండి అని. యాభై ఏళ్లొచ్చినా అనాల్సిందే. ఆ మాట చెప్తూ ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చెమటే కావచ్చు.

అప్పుడు నిఖిల్ జేబులోంచి కార్డు తీసి గర్వంగా చూపించాడు. కార్డు నలుగురి చేతులూ తిరిగింది. చివరాయన, ఎనభై ఏళ్లుంటాయి, దగ్గరగా పెట్టుకుని చదివాడు. "బాబ్?" అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. డొమినో లెక్కలు వేసే పెన్ను తీసి, మేం ఆపేలోపు, "బాబ్" మీద అడ్డగీత కొట్టి పైన "రోబెర్టో" అని రాసి తిరిగిచ్చేశాడు. ఆట మళ్లీ మొదలైంది.

వాడి మొహం వాడిపోయింది. కారెక్కాక "దీని విలువ తగ్గిపోయిందా?" అని వాళ్ల నాన్నని అడిగాడు. నకలుకి విలువేముంటుంది నాన్నా, నాలుగు డాలర్లది అన్నాడు మా అల్లుడు. వాడు కాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత నా జేబులో పెన్ను లాక్కుని ఒళ్లో కార్డు పెట్టుకుని ఏదో రాశాడు. క్లెమెంటే పక్కన వాకర్ చేర్చాడు. రోడ్డు గతుకులు, చోటు తక్కువ. చివరి రెండక్షరాలు అంచు దగ్గర కిందికి వంగిపోయాయి. వేళ్లతో మొదటి నుంచి లెక్కపెట్టుకుని, నా చెయ్యి చాపమన్నాడు.